బాడుగవాళ్లు ఉండగానే తాత ఇల్లు అమ్మవచ్చా?

గూడూరు నుంచి సైదాపురం మీదుగా రాపూరు పోయే దారిలో, పొద్దుటి ఎండలో బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క మట్టి తళతళలాడుతూ ఉంటుంది. అదంతా అభ్రకం పొడి. మా జేజి (నానమ్మ) కాలంవాళ్లు దాన్ని కాకిబంగారం అనేవాళ్లు. ఆ కాకిబంగారం గనిలో మేస్త్రీగా చేసిన మా తాత, వచ్చిన జీతం దాచి 1950ల్లో ఒక మిద్దె కట్టించాడు. ఇప్పుడు ఆ మిద్దెలో పదకొండేళ్లుగా ఇంకో కుటుంబం బాడుగకు ఉంటోంది. మేమంతా నెల్లూరులో, చెన్నైలో, బెంగళూరులో, ఒకరు కువైట్‌లో. మూడేళ్ల కిందట ఇల్లు అమ్ముదామన్న మాట వచ్చినప్పుడు, సలహా అడిగిన ప్రతివాళ్లూ ఒకటే చెప్పారు: "ముందు బాడుగవాళ్లను లేపండి, తర్వాత బేరం చూద్దాం."

ఆ సలహా తప్పు, డబ్బు పోగొట్టే తప్పు. గని ఊళ్లో ఇల్లు అమ్మాలంటే అందులో నమ్మకంగా బాడుగ కడుతున్న కుటుంబం ఉండడమే మనకు బలం. చిక్కంతా మన రక్తసంబంధీకుల సంతకాల దగ్గర, మన బీరువాలో ఉన్న, లేని కాగితాల దగ్గర ఉంటుంది. మేం తిరిగి తిరిగి తెలుసుకున్నది, ఇలాంటి ఇల్లున్న ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

కొనేవాళ్లు దేనికి కొంటారు

నెల్లూరు అభ్రకానికి ఒకప్పుడు ప్రపంచమంతా మార్కెట్టే. వేడికి చెడదు, కరెంటును పారనివ్వదు, ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా పొరలు తీయవచ్చు. రేడియో వాల్వుల్లో, కండెన్సర్లలో, మోటార్లలో అది లేనిదే పని జరిగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో గిరాకీ ఇంకా పెరిగింది. గనుల చుట్టూ ఊళ్లు పెరిగాయి. మగవాళ్లు గుంతల్లో దిగితే ఆడవాళ్లు షెడ్లలో కూర్చుని పొరలు తీసేవాళ్లు. ఆ తర్వాత వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. పెద్ద రేకుల అవసరం తగ్గి, తుక్కు అభ్రకంతో చేసే అట్టలు వచ్చాయి. మన సరుకును పెద్ద ఎత్తున కొనే సోవియట్ యూనియన్ 1991లో లేకుండా పోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, గుంతల్లో నీళ్లు నిలిచాయి.

మిగిలింది పలుగురాయి. మా వైపు తెల్లరాయి అంటారు. అభ్రకం తవ్వేటప్పుడు అడ్డమని గుట్టలుగా పారబోసిన ఆ రాయికి ఇప్పుడు గాజు, సిరామిక్, సోలార్ పరిశ్రమల వల్ల విలువ వచ్చింది. పర్మిట్లు నడిచే నెలల్లో లారీ డ్రైవర్లు, జేసీబీ ఆపరేటర్లు, సూపర్‌వైజర్లు వచ్చి పడతారు, ఊళ్లో ఒక్క గది కూడా ఖాళీ ఉండదు. తనిఖీలొచ్చి పని ఆగిందంటే వారం తిరక్కముందే సగం వాకిళ్లకు తాళాలు పడతాయి.

అలాంటి ఊళ్లో సొంతంగా కాపురం పెట్టడానికి బయటినుంచి వచ్చి ఇల్లు కొనేవాళ్లు దాదాపు ఉండరు. కొనేది బాడుగ మీద ఆదాయం చూసుకునేవాళ్లే. వాళ్ల లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ వేసుకుందాం. నెలకు 6,000 బాడుగ అనుకుంటే ఏడాదికి 72,000. ఇంటి పన్నుకు, రిపేర్లకు 12,000 తీసేస్తే 60,000 మిగులుతుంది. కొనేవాళ్లు పెట్టిన డబ్బు మీద ఏడాదికి నూటికి 6 చాలనుకుంటే ఆ ఇంటికి 10 లక్షలు పెట్టగలరు. గని ఊరు, రేపు ఎలా ఉంటుందో తెలియదు, కాబట్టి నూటికి 8 రావాలనుకుంటే అదే ఇంటికి ఏడున్నర లక్షలే ఇస్తారు. బాడుగ మారలేదు, ఇల్లు మారలేదు. మారిందల్లా ఆ బాడుగ రేపు కూడా వస్తుందన్న నమ్మకం. పదకొండేళ్లుగా ఒకే కుటుంబం ఉంటూ, పని ఆగిన నెలల్లో కూడా కాస్త ఆలస్యమైనా బాడుగ కట్టిందని పాసుపుస్తకంలో కనబడితే ఆ నమ్మకానికి అంతకు మించిన రుజువు ఉండదు. అలాంటి కుటుంబాన్ని లేపేసి, తాళం వేసి, "ఇల్లు ఖాళీగా ఉంది, కొనండి" అంటే, ఇక్కడ బాడుగకు ఎవరూ రారేమోనన్న అనుమానాన్ని మన చేతులతో మనమే పుట్టించినట్టు.

తాళం వేసిన ఇంటికి ఇంకో ప్రమాదం ఉంది. మాది దూలాలమీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన పాతకాలపు మిద్దె. ఇలాంటి కప్పుకు మనిషి అలికిడి ఉండాలి. వానాకాలం ముందు ఎవరైనా పైకెక్కి తూము గొట్టాల్లో ఆకు తీయాలి, పగుళ్లలో మొలిచే రావి మొక్క పీకాలి, దూలాలకు చెద పట్టిందేమో చూడాలి. మా వీధిలోనే అమ్మకం కోసం ఖాళీ చేయించిన ఒక మిద్దె నాలుగు వానాకాలాలకు ఒక గది కూలిపోయింది. ఇప్పుడు దాన్ని ఖాళీ జాగా ధరకు అడుగుతున్నారు.

పన్నెండేళ్ల భయం

మా చిన్నాన్నకు నిద్ర పట్టనివ్వని భయం ఒకటుంది. "ఇంకొక్క ఏడాది గడిస్తే పన్నెండేళ్లు. ఇల్లు వాళ్లదే అయిపోతుంది." ఈ మాట నమ్మి ఎంతోమంది మంచి బాడుగవాళ్లను పదకొండో ఏట వెళ్లగొట్టారు.

పన్నెండేళ్ల మాట చట్టంలో ఉన్నదే, కానీ అది వీళ్లకు వర్తించదు. యజమాని హక్కును కాదని, బాహాటంగా, తనదేనంటూ పన్నెండేళ్లు ఆక్రమించుకుని ఉన్నవాళ్ల సంగతి అది. బాడుగకు వచ్చినవాళ్లు మన అనుమతితో ఉన్నారు. మొదట ఎవరిని యజమానిగా ఒప్పుకుని ఇంట్లో దిగారో, ఉన్నన్నాళ్లూ ఆ యజమానికి హక్కు లేదని వాదించే వీలు సాక్ష్య చట్టమే వాళ్లకు ఇవ్వదు. పాత చట్టంలోనూ అదే మాట, 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే మాట. పదకొండేళ్లయినా, ముప్పై ఏళ్లయినా, బాడుగ బాడుగే. కరెంటు బిల్లు వాళ్లు కట్టినా, ఆధార్‌లో ఆ చిరునామా ఉన్నా, ఇంటి పన్ను రసీదు వాళ్లే తెచ్చినా వాటివల్ల ఇంటిమీద హక్కు పుట్టదు. మన వంతుగా చేయవలసింది ఒకటుంది: బాడుగ చేతికి కాకుండా బ్యాంకు ద్వారా తీసుకోవడం, కనీసం ఏడాదికోసారి రసీదు మీద ఇద్దరూ సంతకం పెట్టుకోవడం. ఆ రసీదు ఇద్దరికీ రక్షణే.

నిజంగా భయపడవలసిన పన్నెండేళ్లు వేరే ఉన్నాయి. ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి బాడుగ ఒప్పందం రద్దు చేసిన తర్వాత, ఇల్లు తిరిగి తీసుకోవడానికి దావా వేసే గడువు ఆ రోజునుంచి పన్నెండేళ్లు. నోటీసు ఇచ్చేసి, బాడుగ తీసుకోవడం మానేసి, కోర్టుకూ పోకుండా ఏళ్ల తరబడి కూర్చుంటే అప్పుడు ముప్పు. కోపంతో నోటీసులిచ్చి మర్చిపోయే కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నోటీసు సంగతి కూడా చాలామందికి తెలియదు. 11 నెలల ఒప్పందం రాసుకునే అలవాటు ఎందుకొచ్చిందంటే, ఏడాదికి మించిన బాడుగ పత్రం రిజిస్టరు చేయాలి. రిజిస్టరు చేయకుండా అయిదేళ్లకు రాసుకున్నా, అసలు రాతే లేకున్నా, కాపురం ఉండే ఇంటికి అది నెల నెలా సాగే బాడుగ కిందే లెక్క. దాన్ని ముగించాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పట్టణాల్లో అద్దె నియంత్రణకు ప్రత్యేక చట్టాలున్నాయి.  మాలాంటి గ్రామ పంచాయతీలో చూసుకోవలసింది 1882 చట్టమే.

నోటీసు గడువు దాటినా వాళ్లు కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయడం ఒక్కటే దారి. తాళం పగలగొట్టడం, కరెంటు తీయించడం, సామాను వాకిట్లో పడేయించడం యజమానికైనా చెల్లదు. అలా వెళ్లగొట్టినవాళ్ల మీద, ఇల్లు ఎవరిదన్న చర్చ లేకుండానే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి వచ్చే హక్కు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఇస్తుంది. ఆ హక్కు ఉండవలసిందేనని నా అభిప్రాయం. పదకొండేళ్లు వాళ్ల పిల్లలు ఆ వాకిట్లో ఆడుకున్నారు, అక్కడినుంచే బడికి పోయారు.

యజమాని మారితే బాడుగ ఏమవుతుంది

ఏమీ కాదు, అలాగే సాగుతుంది. ఇల్లు అమ్మినంత మాత్రాన బాడుగ ఒప్పందం రద్దు కాదు. ఆస్తి బదిలీ చట్టంలోని 109వ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్ల స్థానంలోకి కొన్నవాళ్లు వస్తారు. దీనికి బాడుగవాళ్ల అనుమతి అక్కర్లేదు, కొత్త ఒప్పందం రాసుకోవాలన్న నియమం లేదు. అయితే యజమాని మారాడని తెలియక వాళ్లు పాత యజమానికే బాడుగ కడితే ఆ నెల బాడుగ కట్టినట్టే, కొన్నవాళ్లు మళ్లీ అడగడానికి లేదు. ఇంకో విషయం, అమ్మకానికి ముందు బాకీ పడ్డ బాడుగ మామూలుగా కొన్నవాళ్లకు రాదు. అది మనమే వసూలు చేసుకోవాలి, లేదా దస్తావేజులో వేరేగా రాసుకోవాలి.

తగాదాలన్నీ అడ్వాన్సు దగ్గర వస్తాయి. మూడు నెలల అడ్వాన్సు మనం తీసుకుని ఖర్చు పెట్టేసి ఉంటాం. రేపు వాళ్లు ఖాళీ చేసేటప్పుడు కొత్త యజమాని "నాకివ్వలేదు, పాతవాళ్లను అడుగు" అంటాడు. చెన్నైలో ఉన్నవాళ్లను వెతుక్కుంటూ ఆ మనిషి ఎక్కడ తిరగాలి? అందుకే అడ్వాన్సు మొత్తాన్ని అమ్మకం ధరలో తగ్గించి కొన్నవాళ్లకు అప్పగించాలి, ఆ మాట దస్తావేజులో అంకెలతో సహా రాయాలి.

బాడుగవాళ్లు సొంత డబ్బుతో కట్టుకున్నవి కూడా చూడాలి. మా ఇంట్లో ఉన్న ఆయన పెరట్లో రేకుల స్నానాలగది వేసుకున్నాడు, బోరుకు మోటారు బిగించుకున్నాడు. ఇల్లు వదిలేలోపు, ఇంటిని తాము తీసుకున్న స్థితిలో అప్పగించే షరతు మీద, బాడుగవాళ్లు అలాంటివి విప్పి తీసుకుపోవచ్చని చట్టం. వేరే ఒప్పందం ఉంటే అది వర్తిస్తుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు "బోరు మోటారుతో సహా" అని మనం చెప్పేస్తే, మనది కానిది అమ్మినట్టవుతుంది.

భోగ్యానికి ఇచ్చిన ఇల్లయితే ఈ లెక్కలేవీ పనికిరావు. ఒకేసారి రెండు మూడు లక్షలు తీసుకుని, బాడుగ లేకుండా ఇంట్లో ఉండనివ్వడం మా వైపు మామూలు. దాన్ని కూడా అందరూ బాడుగలాగే చూస్తారు. చట్టం దృష్టిలో అది తాకట్టుతో సమానం. ఉన్నవాళ్లు బాడుగదార్లు కారు, అప్పిచ్చినవాళ్లు. 100 రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్న అప్పుకు ఇలాంటి తాకట్టు చెల్లాలంటే పత్రం రిజిస్టరు కావాలి. ఊళ్లో చాలావరకు స్టాంపు కాగితం మీదే నడుస్తుంది కాబట్టి ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, కనపడదు. కొనేవాళ్లు ఈసీ ఒక్కటే చూసి డబ్బు ఇచ్చేస్తే, ఇంట్లో ఉన్నవాళ్లు "మా మూడు లక్షలు ఇచ్చి తలుపు తీసుకోండి" అంటారు. నన్నడిగితే, కొనేవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోకముందే ఆ ఇంటి వాకిట్లో కాసేపు కూర్చుని, ఉన్నవాళ్లను "మీరు బాడుగకా, భోగ్యానికా?" అని అడగాలి.

ఎన్ని సంతకాలు

బాడుగవాళ్ల సంగతి ఒక పూటలో తేలింది. కుటుంబం సంగతి తేలడానికి రెండేళ్లు పట్టింది.

తాత 1978లో పోయాడు, వీలునామా రాయలేదు. అప్పటికి జేజి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. మా ఇంట్లో ఇన్నాళ్లూ అందరూ అనుకున్నది ఏమిటంటే ఇల్లు ఇద్దరు కొడుకులది, చెరి సగం. పెద్దత్త పెళ్లి 1966లో, చిన్నత్త పెళ్లి 1973లో అయిపోయాయి కాబట్టి వాళ్లకు సంబంధం లేదని. ఆడపిల్లల హక్కు చట్టం 1985 తర్వాతే కదా వచ్చింది అన్నాడు చిన్నాన్న.

ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలు కలిసిపోయాయి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చి 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు చేసిన సవరణ, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు, ఇవన్నీ తాతముత్తాతలనుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వచ్చే హక్కు గురించి. మా ఇల్లు అలాంటిది కాదు. తాత గని జీతంతో కట్టించుకున్న స్వార్జితం. స్వార్జితానికి వీలునామా లేకపోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు. అంటే తాత పోయిన రోజునుంచే అత్తలిద్దరూ ఆ ఇంటికి యజమానులు. నలభై ఏళ్లకు పైగా వాళ్లు పండక్కి వచ్చి, చీర పెట్టించుకుని, తమ సొంత ఇంట్లో చుట్టాల్లా ఉండి వెళ్లారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సిగ్గనిపించింది.

వాటాలు ఇలా నడిచాయి. తాత తర్వాత అయిదుగురికీ అయిదో వంతు చొప్పున. 1996లో జేజి పోయాక ఆమె వాటా నలుగురు పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి నాలుగో వంతు. నాన్న పోయాక ఆయన నాలుగో వంతు అమ్మకు, నాకు, చెల్లెలికి, అంటే తలా పన్నెండో వంతు. చిన్నత్త పోయాక ఆమె నాలుగో వంతు మామయ్యకు, వాళ్ల అబ్బాయికి, చెరి ఎనిమిదో వంతు. చిన్నాన్న, పెద్దత్త ఉన్నారు. మొత్తం ఏడు సంతకాలు. రెండు అనుకున్న చోట ఏడు.

వీళ్లలో ఎవరైనా వాటా వదులుకుంటామంటే నోటిమాట చాలదు, పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసినా చాలదు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. పెద్దత్త "నాకేం వద్దురా, ఇల్లు మంచివాళ్ల చేతిలో పడితే చాలు" అంది. వదులుకోవడం ఆమె ఇష్టం. కానీ తన వాటా ధర ఎంతో ఆమెకు ముందు చెప్పి, తర్వాత అడగాలని అమ్మ పట్టుబట్టింది. ధర విని అత్త వాటా తీసుకోవడానికే ఒప్పుకుంది. అదే న్యాయం. కువైట్‌లో ఉన్న మామయ్య కొడుకు రాలేడు కాబట్టి అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవరాఫ్ అటార్నీ మీద సంతకం చేసి పంపాడు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. పవర్ పట్టుకుని మన తరఫున సంతకం పెట్టవచ్చు గాని, పవర్ చేతులు మారినంత మాత్రాన ఇల్లు చేతులు మారదని సుప్రీం కోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

ఒకరు అడ్డం తిరిగితే ఏం చేయాలి? వాటాదారు తన వాటా ఒక్కటే బయటివాళ్లకు అమ్మవచ్చు. కానీ పంచుకోని కుటుంబ నివాసంలో అలా వాటా కొన్న బయటి మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చోవడానికి లేదు. పంపకం దావా వేయాలి, అప్పుడు కుటుంబంలోని వాటాదార్లు కోర్టు కట్టిన విలువకు ఆ వాటాను తామే కొనుక్కోవచ్చని 1893 నాటి పార్టిషన్ చట్టం చెబుతుంది. ఇది తెలిస్తే, కోపంతో వాటా తెగనమ్మే ఆలోచన చాలావరకు ఆగిపోతుంది.

కాళ్ల కింద నేల ఎవరిది

గని ఊళ్లలో ఇల్లు మనదని నిరూపించడం కన్నా దాని కింది నేల మనదని నిరూపించడం కష్టం. ఒకే వీధిలో మూడు నాలుగు రకాల నేల ఉండవచ్చు.

పాత ఊరు చాలావరకు గ్రామకంఠం. రెవెన్యూ రికార్డులో మొత్తానికీ ఒక్కటే నంబరు, ఎవరి పేరా పట్టా ఉండదు. పట్టా లేదు కాబట్టి ప్రభుత్వ భూమి అనుకోవడం పొరపాటు. తరతరాలుగా కాపురాలున్న చోటు అది. ఇలాంటి ఇంటికి ఆధారాలు పాత దస్తావేజులు, పంచాయతీ డిమాండు రిజిస్టరులో పేరు, వరసగా దాచిన ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు. పన్ను రసీదు ఒక్కటే హక్కు ఇవ్వదు గాని, నలభై ఏళ్ల రసీదులు వరసగా ఉంటే కొనేవాళ్ల లాయరుకు ధైర్యం వస్తుంది. పదకొండేళ్ల రసీదులు మా బాడుగాయన దగ్గరే దొరికాయి. ప్లాస్టిక్ కవరులో పెట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచాడు. మేమెప్పుడూ దాచలేదు.

కొన్ని గ్రామకంఠాలు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితాలోకి చేరి ఉంటాయి. బేరం కుదిరాక రిజిస్ట్రేషన్ రోజున ఇది బయటపడితే అందరి ముందూ తలవంపులు. బయానా తీసుకోకముందే చూసుకోవాలి. ఈసీ కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి.

రెండో రకం, సర్కారు ఇచ్చిన ఇంటి స్థలం పట్టా. అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇంటి స్థలాలకు తర్వాతి కాలంలో కొన్నేళ్లు గడిస్తే అమ్ముకునే సడలింపులు వచ్చాయి కాబట్టి పట్టా తేదీ, అందులోని షరతులు చదవకుండా అవునని గాని కాదని గాని చెప్పకూడదు.

మూడోది, గని కంపెనీ కట్టించిన క్వార్టర్లు. కంపెనీ పోయాక అందులో ఉన్నవాళ్లే ఉండిపోయారు, చేతులు కూడా మారాయి. కంపెనీకి అక్కడ ఉన్నది తవ్వుకునే లీజు మాత్రమే అయితే, లీజుతోనే దాని హక్కు పోయింది. లేని హక్కును ఎన్నిసార్లు కొన్నా లేని హక్కే.

ఇక జమీందారీ కాలం సంగతి. వెంకటగిరి వంటి సంస్థానాల కింది గ్రామాలను 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద ప్రభుత్వం తీసుకుంది. అప్పటికే ఇల్లు కట్టుకున్నవాళ్ల ఇళ్లు వాళ్లకే చెందేలా ఆ చట్టంలోనే ఉంది. అందుకే ఇంట్లో ఎక్కడైనా పాత రసీదో, చెల్లు కాగితమో ఉంటే చెత్త అనుకుని కాల్చకండి.

పెరట్లో తెల్లరాయి కనపడితే కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి. మా ఇంటికి వచ్చిన ఒకాయన బాడుగ ఎంతో అడగలేదు, గునపంతో పెరడు పొడిచి చూశాడు. ఇల్లు కొన్నంత మాత్రాన తవ్వుకునే హక్కు రాదు. అభ్రకం, పలుగురాయి 2015 ఫిబ్రవరిలో చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి మారాయి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్ద ఖనిజాల జాబితాలోకి వెళ్లాయి. లీజు, పర్మిటు లేకుండా తవ్వితే 1957 గనుల చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఖనిజం ఆశ చూపి ధర పెంచే బేరగాళ్లను దూరం పెట్టాం. మేం అమ్ముతున్నది ఇల్లు. పాత గుంతలు ఎంత దూరంలో ఉన్నాయో, పేలుళ్ల వల్ల గోడల్లో వచ్చిన బీటలు ఎక్కడున్నాయో కూడా మేమే చూపించాం. ఆ బీటలకు సున్నం కొట్టి దాచమని ఒక బ్రోకరు చెబితే అమ్మ వద్దంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. కొనేవాళ్లకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి నూటికి ఏడున్నర అవుతుంది. అమ్మేవాళ్లలో ఎవరి వాటా లాభం మీద వాళ్లే పన్ను కట్టాలి. తాతల నాటి ఇల్లయితే 2001 ఏప్రిల్ 1న ఉన్న విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. 2024 జులై 23 నుంచి జరిగిన అమ్మకాలకు దీర్ఘకాల లాభం మీద పన్నెండున్నర శాతం. ఆ తేదీకి ముందే సంపాదించిన ఇల్లయితే, దేశంలో ఉండేవాళ్లు ద్రవ్యోల్బణం లెక్కగట్టి 20 శాతం చొప్పున కట్టే పాత పద్ధతితో పోల్చి ఏది తక్కువైతే అది ఎంచుకోవచ్చు. విదేశంలో ఉన్న వాటాదారు సొమ్ములోంచి కొనేవాళ్లు ముందే పన్ను మినహాయించాలి, 50 లక్షలలోపు అమ్మకమైనా సరే. బయానాతో సహా 20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదు.

కొన్నది నెల్లూరులో ఉంటున్న ఒక రిటైర్డు టీచరమ్మ. పెన్షనుకు తోడు నెలనెలా బాడుగ కావాలని వచ్చింది. బాడుగవాళ్లతోనే ముందు మాట్లాడింది, ట్రంకుపెట్టెలోని రసీదులు చూసింది, తర్వాతే మా కాగితాలు అడిగింది. దస్తావేజులో వాళ్లు ఉంటున్న సంగతి, బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, మోటారు, రేకుల గది ఎవరివి అన్నది అంతా రాయించాం. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం, ఏడుగురి తరఫున ఒక ఉత్తరం రాశాం: వచ్చే నెల ఒకటో తేదీనుంచి ఇంటి యజమాని ఫలానా వారు, బాడుగ వారికే కట్టగలరు, మీ అడ్వాన్సు పైకం పూర్తిగా వారికి అప్పగించాం. రిజిస్టర్ పోస్టులో ఒక ప్రతి వేశాం. రెండో ప్రతి పట్టుకుని అమ్మ, పెద్దత్త బస్సెక్కి ఊరికి పోయి ఆయన భార్య చేతికిచ్చి, రాత్రికి అక్కడే భోంచేసి, మిద్దెమీద పడుకుని, పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చారు.